రిలీవరు లేని రాకాసి

ఆదివారం పదకొండున్నరకల్లా కూర్మన్నపాలెంలో జోగమ్మ చేపల బేసిన్లు ఖాళీ అయిపోతాయి. పన్నెండింటికి ఆమె రాకాసి అవుతుంది.

మధ్యలో ఉన్న ఆ అరగంటలో బోలెడు పనులు. అపార్టుమెంటు వెనక కుళాయి దగ్గర బేసిన్లు రెండూ కడిగి బోర్లించాలి. కత్తిపీట కడిగి గోనెగుడ్డలో చుట్టాలి. చేతులు ముందు సబ్బుతో, తరవాత అనూరాధమ్మ పిండేసి ఇచ్చిన నిమ్మచెక్కతో తోముకోవాలి. పాచికలకి చేపవాసన అంటుకుంటే తోటి ఆటగాడు కృష్ణంరాజుకి ఆకలి పుట్టి ఆట మీద ధ్యాస పోతుంది. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. ఇవన్నీ అయ్యాక జోగమ్మ ఎగదోపిన కుచ్చెళ్ళు దించుకుని, గ్రౌండు ఫ్లోరులో భీమశంకరరావు వాళ్ళ హాల్లోకి వెళ్ళి, గోడవైపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. ఆ వేళప్పుడు ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. మిగతా వారమంతా జోగమ్మ పీటమీదో, గట్టుమీదో, ఇసకలోనో కూర్చునే మనిషి. ఈ రెండు గంటలు మాత్రం కుర్చీ, ఎదురుగా బల్ల, ఆమె ఏం చేస్తుందోనని కళ్ళప్పగించి చూసే జనం.

యారాడలో కూడా ఈ సంగతి అందరికీ తెలుసు. మొగుడు అర్జునరావు పడవలో తోటివాళ్ళతో, "మా ఆడది ఆదివారం ఆదివారం స్టీల్‌ప్లాంటోళ్ళని సంపీసి వొస్తాది" అని చెప్పుకుంటాడు. ఎలా చంపుతుందో ఆయనకీ సరిగ్గా తెలీదు. తెలుసుకుంటే చెప్పుకోవడానికి అంత బాగోదేమోనని అడగలేదు.

జోగమ్మకి యాభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళుగా తెల్లారగట్ల ఒడ్డున చేప ఏరుకుని, షేరాటోలో కొండ దిగి, గాజువాక మీదుగా కూర్మన్నపాలెం వస్తోంది. చేపని చేత్తో ఎత్తి బరువు చెప్పగలదు. ఏ ఇంట్లో ఏ షిఫ్టు నడుస్తోందో, ఎవరి తలుపు ఎన్నింటిదాకా కొట్టకూడదో కూడా చెప్పగలదు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాణ్ణి లేపితే వాడి పెళ్ళాం ఇంక నెల్లాళ్ళు నెత్తళ్ళు కూడా కొనదు. కొసరు విషయంలో ఆమెది ప్రత్యేకమైన పద్ధతి. అడిగినవాళ్ళకి కొసరు వెయ్యదు. బేరం సాగుతుండగా పక్క బేసిను వైపు చూపు తిప్పినవాళ్ళకి మాత్రం, మాట్లాడకుండా రెండు కానాగంతలు ఎక్కువ వేసేస్తుంది. అలా చూపు తిప్పినవాళ్ళెవరూ ఇంతవరకూ పక్క బేసినుకి పోలేదు.

ఆట సంగతికి వస్తే, రెండేళ్ళ క్రితం భీమశంకరరావుని ప్లాంటులో షిఫ్టుల నుంచి తప్పించి జనరల్ డ్యూటీలో వేశారు. తణుకు వైపునుంచి వచ్చి ముప్పై ఏళ్ళు కన్వేయరు బెల్టుల దగ్గర ఎ, బి, సి షిఫ్టులు తిరిగిన మనిషికి ప్రతి ఆదివారం సెలవు చేతికొచ్చింది. మొదటి ఆదివారం వంటింటి డబ్బాలన్నిటికీ పేర్లు అంటించాడు. రెండో ఆదివారం గ్యాస్ పొయ్యి వెలిగించే ముందు చూసుకోవాల్సిన ఎనిమిది అంశాలు కాగితం మీద రాసి గోడకి అతికించాడు. మూడో ఆదివారం ఆయన భార్య అనూరాధ, కాకినాడ హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతున్న కూతురు యశస్వినికి ఫోను చేసి, "మీ నాన్నకి ఆడుకోడానికి ఏదైనా కొని పంపవే తల్లీ" అంది.

వచ్చిన పెట్టె పేరు ‘బీస్ట్ బే’. అందులో ఒక అట్ట, దాని మధ్యలో రేవుపట్నం, చుట్టూ సముద్రం. అట్టతో చేసిన రాకాసి బొమ్మలు. గుప్పిట్లో పట్టనంత లావు పాచికలు ఆరు, వాటిమీద పంజా, గుండె, మెరుపు, అంకెలు. పడినవి నచ్చకపోతే మళ్ళీ వేసుకోవచ్చు. పంజా పడితే ఎదుటివాణ్ణి కొట్టడం, గుండె పడితే మన ఒళ్ళు బాగుపడడం, మెరుపులు పోగుచేస్తే కార్డులు కొనుక్కోవడం. ఒక్కో రాకాసికి పది గుండెల ప్రాణం. పట్నంలో ఒక్క రాకాసికే చోటు. లోపలున్నవాడు కొడితే బయటున్న అందరికీ దెబ్బ. బయటినుంచి ఎవరు కొట్టినా లోపలున్నవాడొక్కడికే దెబ్బ. లోపల నిలబడితే పాయింట్లు వస్తాయి గానీ గుండెలు పనిచెయ్యవు. ముందుగా ఇరవై పాయింట్లు తెచ్చుకున్నవాడో, అందరూ చచ్చాక మిగిలినవాడో గెలిచినట్టు.

కనీసం ముగ్గురుండాలని పెట్టెమీద రాసుంది. పై అంతస్తులో ఉండే కృష్ణంరాజు, భీమవరం వైపు మనిషి, పోర్టులో క్రేను ఆపరేటరు, పిలవగానే దిగివచ్చాడు. అనూరాధ రానంది. "ఇంట్లో ఉన్న రాకాసితో వేగడమే సరిపోతోంది నాకు" అంది. అప్పుడే నిమ్మచెక్క కోసం గుమ్మంలోకి వచ్చిన జోగమ్మ వాళ్ళ కంట పడింది.

"జోగమ్మా, రెండు నిమిషాలు కూర్చో" అన్నాడు భీమశంకరరావు. అలా కూర్చున్నదే.

ఆ మొదటిరోజు ఆయన ఇంగ్లీషు పుస్తకం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని తెలుగులో చెప్పుకుపోయాడు. "పట్నంలో ఉన్నవాణ్ణి బయటివాడు కొడితే, లోపలివాడు బయటికి పోవచ్చు. కొట్టినవాడు లోపలికి రావాలి." ఇక్కడ ఆగి, ఏదో పాత స్నేహితుడు ఎదురుపడ్డట్టు మొహం పెట్టి, "అంటే రిలీవరన్నమాట" అన్నాడు. పెన్సిలు తీసి పుస్తకం అంచున ఆ మాట రాసుకున్నాడు. "చూడండి రాజుగారూ, డ్యూటీలో ఉన్నవాడు దిగాలంటే రిలీవరు వచ్చి చార్జి తీసుకోవాలి. తీసుకోనంటే దిగడానికి లేదు. బెల్టు వదిలేసి పోతామా?"

ప్లాంటులో ముప్పై ఏళ్ళూ ఆయన నడిచిన దారి అదే. రిలీవరు రాక పదహారు గంటలు నిలబడ్డ రోజులున్నాయి. యశస్విని పుట్టినరోజున కూడా రిలీవరు వచ్చాకే ఆస్పత్రికి వెళ్ళాడు. ఆ రిలీవరు పేరు అనూరాధ ఇప్పటికీ మర్చిపోలేదు.

జోగమ్మకి మాత్రం ఆ రూలు మింగుడు పడలేదు. "అదేటి బాబూ? దెబ్బలు తిన్నోడు పారిపోడానికి ఎదరోడి సెలవేటి? గాలి మారితే పడవ ఒడ్డుకి తెచ్చీడానికి నాం ఎవుడినైనా అడుగుతామేటి?"

"రూలు జోగమ్మా. బుక్కులో ఉంది."

జోగమ్మకి అంకెలొచ్చు, అక్షరాలు రావు. బుక్కులో ఉందన్నాక ఇంకేమంటుంది? సరేలెమ్మంది. రెండు ఆదివారాలు ఓడిపోయింది. మూడో ఆదివారానికి ఆ రూల్లో ఏముందో ఆమెకి పూర్తిగా అర్థమైపోయింది.

భీమశంకరరావు పట్నంలో ఉంటాడు. జోగమ్మ బయటినుంచి కొడుతుంది. "రిలీవ్ చేస్తావా జోగమ్మా?" అని ఆయన అడుగుతాడు. "సెయ్యను బాబూ" అంటుంది. మళ్ళీ కొడుతుంది. మళ్ళీ అడుగుతాడు. "సెయ్యను." అంతే. ఆయన రూలుకి కట్టుబడి నిలబడే చచ్చిపోతాడు. తరవాత కృష్ణంరాజు వంతు. అదే జోగమ్మ పట్నంలో ఇరుక్కుని "రిలీవ్ సేత్తారా రాజుగోరూ" అంటే, "ఆడమనిషి అడిగాక కాదంటే ఏం బావుంటుందండీ" అంటూ ఆయన లేచి లోపలికి వచ్చేసేవాడు. వచ్చి చచ్చేవాడు.

కార్డులతో కూడా ఆమెకి ఇబ్బంది లేకపోయింది. అవి బల్లమీద బొమ్మ పైకి పెట్టే ఉంటాయి. భీమశంకరరావు ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, ఆ బొమ్మకి ఆ పని అని జోగమ్మ మనసులో పడిపోతుంది. గొడుగు కార్డు, ఎర్రతోక కార్డు, పళ్ళికిలించే కార్డు. ఆరునెలలు తిరిగేసరికి, కార్డు చదవబోతూ ఆయనే ఆమెని అడిగేవాడు, ఇది దేనికని.

ఈ వేసవి సెలవలకి యశస్విని రెండో పెట్టె చంకన పెట్టుకుని దిగింది. ‘బీస్ట్ బే: సెకండ్ వేవ్’. మొదటిదానికి రెట్టింపు ఉంది.

"ఇది దాని తరవాతి భాగం నాన్నా. పాతదాంట్లో ఉన్నదంతా ఇందులో ఉంది, పైన ఇంకా చాలా ఉంది. పాతది ఇంక అక్కర్లేదు, మన అసోసియేషన్ హాల్లో పిల్లల లైబ్రరీకి ఇచ్చేద్దాం."

"కొత్త మెషీను రాగానే పాతది పీకేస్తారా ఎవరైనా?" అన్నాడు భీమశంకరరావు. "ట్రయల్ రన్ చెయ్యాలి. మూడు ఆదివారాలు. రిపోర్టు రాసి, దాన్నిబట్టి తేలుద్దాం." అనేసి, తెల్లకాగితం మీద స్కేలుతో నిలువుగీతలు గీసుకున్నాడు. పాతది ఒక వరస, కొత్తది ఒక వరస. గీతలు గీస్తున్నంతసేపూ ఆయన మొహంలో కనిపించిన సంతోషం చూసి, ఏ ఆట నెగ్గినా ఫరవాలేదనుకుంది అనూరాధ.

కొత్తదాంట్లో పట్నానికి నాలుగు పేటలు. పేటపేటకీ మేడల బిళ్ళలు. పాచికమీద సుత్తి పడితే మేడ కూల్చొచ్చు. కూలిన బిళ్ళ తిరగేస్తే మిలిటరీ ట్యాంకు అవుతుంది. పుర్రె పడితే ఆ ట్యాంకులు రాకాసుల్ని కొడతాయి.

"మేడ పడగొడితే కిందనించి మిలిట్రీ వొస్తాదేటి?" అంది జోగమ్మ. "అందాకా ఏ గదిలో దాక్కున్నాది?"

"కంటెయినరు లోపల ఏముందో క్రేను ఎక్కినవాడికెప్పుడు తెలిసిందండీ" అన్నాడు కృష్ణంరాజు. ఆయనకి మేడలు కూల్చడం మహా ఇష్టంగా ఉంది. ముప్పై ఏళ్ళు బరువులు చెక్కు చెదరకుండా ఎత్తి దించిన చేతులు. ఒక్కటైనా కింద పడేసే అవకాశం ఇన్నాళ్ళకి దొరికింది.

జోగమ్మ న్యాయమైన మనిషి. కొత్తదాంట్లో బాగున్నది బాగుందనే చెప్పింది. "పాతదాన్లో పాచిక బాగా పడకపోతే ఆ వంతు పోయినట్టే, వల్లో సెత్త పడినట్టు. దీన్లో సెత్తకి కూడా పనున్నాది." భీమశంకరరావు ఆ ముక్క అలాగే రిపోర్టులో కొత్తదాని వరసలో రాసుకున్నాడు.

చిక్కంతా కార్డులతో వచ్చింది. కొత్తదాంట్లో కొన్న కార్డు బల్లమీద పెట్టకూడదు. చేతిలో దాచుకుని, కొన్నవాడే చదువుకుని, సమయం చూసి దెబ్బ కొట్టాలి. బొమ్మలు కూడా అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, చీకట్లో నిలబడ్డ రాకాసి వీపు.

మొదటి ఆదివారం జోగమ్మ తన కార్డు యశస్వినికి చూపించింది. ఆ పిల్ల చెవిలో చెప్పింది. భీమశంకరరావు పెన్సిలు బల్లమీద తట్టి, "ఇంకో మనిషికి చూపించాక రహస్యం ఏముంది? ఆ మనిషి కూడా ఆడుతోందాయె" అన్నాడు. తప్పేం లేదు, నిజమే. రెండో ఆదివారం జోగమ్మ అసలు కార్డులే కొనలేదు. మెరుపులు ఆమె ముందు గుట్టగా పడి ఉన్నాయి. రెండేళ్ళలో మొదటిసారి అందరికన్నా ముందు చచ్చిపోయింది.

"మరేం అనుకోకండి" అన్నాడు కృష్ణంరాజు, నిజంగా జాలితోనే. "పాపం జోగమ్మగారు తెల్లారగట్లనగా లేచి ఎండలో తిరిగొస్తారు. ఈ పెద్దాట ఆవిడకెందుకండీ శ్రమ? యశస్వినమ్మ సెలవలయ్యాక మా బావమరిది గాజువాక నించి వస్తానంటున్నాడు. ఆవిణ్ణి ఈ రెండు గంటలూ చల్లగా నడుం వాల్చుకోనిద్దాం."

భీమశంకరరావు కాగితం మీద ఒక చిన్న వాక్యం రాశాడు. రాశాక జోగమ్మ వైపు చూడలేదు. యశస్విని కూడా చూడలేదు. ఇరవై ఏళ్ళు గుమ్మాల్లో నిలబడి మొహాలు చదివిన మనిషికి అక్షరాలతో పనేముంది?

వంటింట్లోకి ఖాళీ మజ్జిగ గ్లాసు ఇవ్వడానికి వెళ్ళిన జోగమ్మ అడిగింది. "ఏటి రాసినారమ్మా?"

అనూరాధ అబద్ధం చెప్పే మనిషి కాదు. "కొత్త ఆటకి చదవడం రావాలి అని రాశారు. వచ్చే ఆదివారం తేలుస్తారట."

"కొత్తదే ఉంచీస్తారా?"

"అలాగే ఉంది మరి. పాత పెట్టె అప్పుడే అట్టపెట్టెలో సర్దేసింది పిల్ల."

షేరాటోలో యారాడ కొండెక్కుతుంటే జోగమ్మ ఒళ్ళో ఖాళీ బేసిన్లు గలగలలాడాయి. రాకాసాట పోతే పోయింది, బొమ్మలాట. కానీ ఆ కుర్చీ పోతుంది. పన్నెండింటికి చేతులు కడుక్కుని ఇంటికి పోవడమే. చేపలకి రేటు చెప్పడానికి తప్ప ఆ ఇంటి గుమ్మంలో ఇంక ఆమె నోరు విప్పాల్సిన పనుండదు. నడుం వాల్చుకోవాలట. ఆమె అడిగిందా? ఆ రాత్రి కూర వడ్డిస్తుంటే అర్జునరావు "ఈ వారం ఎందర్ని సంపినావు?" అంటే, "తిను" అంది.

మూడో ఆదివారం కొత్త ఆట బల్లమీద పరిచి ఉంది. పాత పెట్టె గుమ్మం పక్కన, తాడుతో కట్టేసి.

ఆట సగంలో పట్నం నడిపేటలో ఉన్న కృష్ణంరాజుకి ట్యాంకుల దెబ్బ తగిలింది. ఒక్క గుండె మిగిలింది. "రిలీవ్ చేస్తారా అండీ ఎవరైనా?" అన్నాడు.

భీమశంకరరావు ఆలోచనలో పడ్డాడు. "కొట్టింది మిలిటరీ కదా. మిలిటరీ వచ్చి రిలీవ్ చెయ్యదు. అప్పుడెలా? అమ్మాయ్, ఆ బుక్కులో చూడు."

యశస్విని పుస్తకం తిరగేసింది. "చివర్లో ఒక పేజీ ఉంది నాన్నా. మొదటి ఆట వచ్చినవాళ్ళకి అని. మనం ఇది చదవలేదు."

"మొదటిది మనకి కొట్టినపిండి కదా, ఎందుకని వదిలేశాం. చదువు."

ఆ పిల్ల వేలు పెట్టి నిదానంగా చదివి తెలుగులో చెప్పింది. "పాత ఆటలో లాగే... దెబ్బ తిన్న రాకాసి తన ఇష్టాన్నిబట్టి పట్నం వదిలి పోవచ్చు. కొట్టిన రాకాసి తప్పనిసరిగా ఆ చోటికి రావాలి. రానని చెప్పే వీలు లేదు." ఇంకోసారి తనలో తను చదువుకుంది. "పాత ఆటలో లాగే అంటున్నారు నాన్నా."

భీమశంకరరావు లేచి, గుమ్మం దగ్గర పాత పెట్టెకి కట్టిన తాడు విప్పి, పాత పుస్తకం తీశాడు. ఆరో పేజీ. వాక్యం అదే. దాని పక్కన ఆయన చేతిరాతే, పెన్సిల్‌తో, ‘రిలీవర్’.

"రానని చెప్పే వీలు లేదు" అన్నాడు కృష్ణంరాజు, ఒక్కో మాటా నములుతూ. "రెండేళ్ళండీ. పోయిన వేసవిలో ఓసారి ఒక్క గుండెతో మూడు రౌండ్లు నిలబడ్డాను. కాళ్ళు పట్టుకోడం ఒక్కటే తక్కువ."

"జోగమ్మ చెయ్యనంది కదా మరి."

"అనడానికి ఆవిడెవరండీ? వీలే లేదంటుంటే. చచ్చినప్పుడల్లా మీరు బుక్కు తీసి చూపించేవారు నాకు."

"బుక్కులో కొంచెం అస్పష్టంగా ఉంది" అన్నాడు భీమశంకరరావు.

"ఏం అస్పష్టం లేదు నాన్నా."

అనూరాధ వంటింటి గుమ్మంలోకి వచ్చి చెయ్యి తుడుచుకుంది. "మొదటిరోజే అంది జోగమ్మ. పారిపోడానికి ఎదరోడి సెలవేటని. ఇక్కణ్ణించే విన్నాను. చదువుకున్నవాళ్ళు ఇద్దరూ తలూపారు, చదువు రాని ఆవిడ ఒక్కతే అడిగింది."

అందరూ జోగమ్మ వైపు తిరిగారు. ఆమెకి ఒక్క క్షణం ఒళ్ళంతా చల్లగా, హాయిగా అనిపించింది. కానీ తన రెండేళ్ళ గెలుపులన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆమెకి తెలీనిదా?

"అన్నాను బాబూ" అంది. "రూలన్నావు. మరి రూలు పెకారమే కొట్టినాను."

భీమశంకరరావుకి ఆ పాత పెట్టె కళ్ళముందు ఉండడమే కష్టంగా ఉంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క మెమో లేని మనిషి. "సరే, జరిగిందేదో జరిగింది. ఆ పెట్టె ఇవాళే లైబ్రరీకి ఇచ్చేద్దాం."

"ఇచ్చేయండి" అన్నాడు కృష్ణంరాజు. "దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండుతోంది నాకు."

ఇద్దరి చూపూ కొత్త పెట్టె మీదికి పోయింది. జోగమ్మ అది చూసింది. గిరాకీ పక్క బేసిను వైపు చూసే చూపు ఎలాగుంటుందో ఆమెకి ఇరవై ఏళ్ళుగా తెలుసు. అప్పుడు అరవకూడదు. పిలవకూడదు.

"అలగే ఇచ్చీండి బాబూ" అంది. "ఇచ్చీ ముందర ఒక్కాట. సరైన రూలుతో ఒక్కపాలైనా ఆడినారేటి? రేపు ఆ లైబ్రరీ పిల్లలొచ్చి ఇదెలగ నడుస్తాదని నిన్నడిగితే ఏటి సెప్తావు?"

నడిపి చూడని మెషీను ఇంకొకరికి అప్పగించడం భీమశంకరరావు ఎరగడు. గడియారం చూశాడు. "ఒక్కటే" అన్నాడు. కొత్తదాన్ని పక్కకి జరిపి పాత అట్ట పరిచాడు. యశస్విని చూస్తానని కూర్చుంది. పాత ముగ్గురే ఆడారు.

జోగమ్మ రెండు పంజాలతో కొట్టింది. పట్నంలో ఉన్న భీమశంకరరావు అలవాటు చొప్పున తలెత్తి, "రిలీవ్ చేస్తావా జోగమ్మా?" అన్నాడు. అడగాల్సిన పనే లేదు. అయినా అడిగాడు.

"సేత్తాను బాబూ. ఎల్లు."

ఆయన బయటికొచ్చి, సముద్రంలో గుండెలు పోగుచేసుకుని మళ్ళీ కండపట్టాడు. జోగమ్మ పట్నంలో నిలబడి ఇద్దరి దెబ్బలూ తింది. బయటపడింది. మళ్ళీ కొట్టాల్సొచ్చి కొట్టింది. "రిలీవ్ చేస్తావా?" "మరేటి, వొచ్చీసినాను." ఒక వంతులో ఆమెకి మూడు గుండెలు పడ్డాయి. బయటే ఉంది, ఒంట్లో రెండే ఉన్నాయి. ఎవరైనా ఆ మూడూ ఉంచుకుంటారు. జోగమ్మ వాటిని చేతిలోకి తీసుకుని ఊదింది. "ఒద్దులే, పంజాలు సూద్దాం" అని మళ్ళీ వేసింది. ఒక్క పంజా పడింది. పట్నంలోంచి కృష్ణంరాజు ఒక్క గుండెతో లేచి, తన రాకాసిని రెండువేళ్ళతో పట్టుకుని, బల్ల చుట్టూ ఊరేగించినట్టు తిప్పి సముద్రంలో పెట్టాడు.

"ప్రాణాలతో బయటపడ్డానండీ" అన్నాడు. "మొదటిసారి."

ఆ తరవాతి వంతులో భీమశంకరరావు వేసిన మూడు పంజాలకి జోగమ్మ చచ్చిపోయింది. కృష్ణంరాజు ఇంకో రెండు రౌండ్లు తప్పించుకు తిరిగాడు. చివరికి ఇరవయ్యో పాయింటు భీమశంకరరావుది. రెండేళ్ళలో ఆయన గెలిచిన మూడో ఆట.

ఎవరూ ఏమీ అనకముందే ఆయన రిపోర్టు దగ్గరికి లాక్కుని కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "చూడండి, పాతదాంట్లో లోపం లేదు. నడపడంలో లోపం ఉంది. సరిగ్గా నడిపితే దీని వేగం కొత్తదానికి రాదు. ఆ మేడలూ ట్యాంకులూ ఎక్కువైపోయి ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలీదు. ఇందులో ఉన్నది ఒకటే ప్రశ్న. ఉండాలా, పోవాలా."

"అదేనండీ కావాల్సింది" అన్నాడు కృష్ణంరాజు. "నేను పోవచ్చని తెలిశాక ఎంత బాగుందండీ. మేడలు ఎప్పుడైనా కూల్చుకోవచ్చు. మా బావమరిదికి వద్దని చెప్పేస్తాను, వాడికి ఈ రూలు మళ్ళీ మొదట్నించీ నేర్పాలి."

యశస్విని తండ్రి మొహం, కాగితం మీద కొట్టివేతలూ చూసి నవ్వు ఆపుకుంది. "అయితే కొత్తది నేను హాస్టలుకి తీసుకుపోతాను. రహస్యం కార్డులంటే మా రూమ్మేట్లకి పిచ్చి." ఆగి, "జోగమ్మత్తా, నువ్వు మొదటిరోజే అన్నావట కదా. నాకొక్క ఫోను చెయ్యాల్సింది" అంది.

"బుక్కులో ఉందన్నారే పాపా. బుక్కుతో నానేటి తగువాడతాను?"

మజ్జిగ గ్లాసు ఇవ్వడానికి వంటింట్లోకి వెళ్తే అనూరాధ తలుపు కొంచెం దగ్గరగా వేసి అడిగింది. "మూడు గుండెలు పడితే మళ్ళీ ఎందుకు వేశావు?"

"కొసరమ్మా" అంది జోగమ్మ.

ఆ వారమంతా ఆమె గాజువాక ఆటోలోనూ, ఒడ్డున వలల పక్కనా కూర్చుని ఆలోచించింది. సరైన రూలుతో ఎవరైనా ఎప్పుడైనా పారిపోవచ్చు. కొట్టినవాడు లోపలికి పోక తప్పదు. అయితే ఒంట్లో నిండా గుండెలున్నప్పుడే కొట్టాలి, లేనప్పుడు గమ్మునుండాలి. అది పెద్ద కష్టమేం కాదు. సముద్రం మీద బతికేవాళ్ళు పుట్టినప్పట్నించీ చేసే పనే. కృష్ణంరాజు మాత్రం ఇంక దొరకడు, దెబ్బ తగలగానే పరిగెడతాడు. భీమశంకరరావు గురించి ఆలోచించినప్పుడు ఆమెకి ఇంకో సంగతి తట్టింది. తట్టి, ఒంటరిగా నవ్వుకుంది. "ఏటే?" అన్నాడు అర్జునరావు. "తిను" అంది. ఈసారి ఆ మాటకి ఆయన కూడా నవ్వాడు.

ఆదివారం పన్నెండింటికి చేతులు నిమ్మచెక్కతో తోముకుని జోగమ్మ తన కుర్చీలో కూర్చుంది. ఒంటిగంటకి భీమశంకరరావు పదహారు పాయింట్లతో పట్నంలో ఉన్నాడు. గుండెలు నాలుగు. జోగమ్మకి పది. ఆమె పాచికలు వేసింది. రెండు పంజాలు.

ఆయన రెండు గుండెలు తగ్గించుకుని తలెత్తాడు. "రిలీవ్ చేస్తావా జోగమ్మా?"

జోగమ్మ మజ్జిగ గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది. గ్లాసులో కరివేపాకు రెబ్బ తేలుతుంటే దాన్ని వేలితో పక్కకి జరిపింది. చెయ్యననలేదు. అలా అనే వీలు లేదు. చేస్తానని కూడా అనలేదు.

పోవడానికి అడ్డమేం లేదు. ఆరో పేజీలో ఉంది. ఆయనే దాని కింద ఎర్రసిరాతో గీత గీశాడు. కృష్ణంరాజు ఒకసారి నోరు తెరిచాడు. రెండేళ్ళు గుర్తొచ్చాయేమో, మూసుకుని కిటికీలోంచి రోడ్డుమీద పోతున్న ప్లాంటు బస్సు కేసి చూస్తూ కూర్చున్నాడు.

భీమశంకరరావు జోగమ్మ మొహం చూశాడు. బల్లకేసి చూశాడు. మళ్ళీ జోగమ్మని చూశాడు. ముప్పై ఏళ్ళలో రిలీవరు ఊఁ అనకుండా ఆయన కాళ్ళు ఒక్కసారి కూడా గేటు వైపు నడవలేదు.

"సరే" అన్నాడు చివరికి, నిట్టూర్చి. "ఇంకో రౌండు ఉంటాను."

వంటింట్లో అనూరాధ చేతిలోంచి గరిటె జారి పడింది. జోగమ్మ గ్లాసు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని పాచికలకేసి చూస్తూ కూర్చుంది.